పిల్లల టికెట్టుకు ఏం కొంటున్నాం?

2024 నవంబరులో తెలంగాణ పర్యాటకాభివృద్ధి సంస్థ కొల్లాపూర్ దగ్గరి సోమశిల నుంచి, నాగార్జునసాగర్ నుంచి శ్రీశైలానికి లాంచీలు మొదలుపెట్టినప్పుడు చెప్పిన ధరలివి: ఒకవైపుకు పెద్దలకు 2000 రూపాయలు, పిల్లలకు 1600. రానుపోను అయితే 3000, 2400. ఆ లెక్కన భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు వెళ్లి రావాలంటే టికెట్లకే 10,800. నాయనమ్మ కూడా వస్తానంటే 13,800. ఇది ఎక్కువా తక్కువా అని అప్పట్లో చాలామంది వాదించుకున్నారు. దాదాపు ఏడు గంటల ప్రయాణం, నల్లమల కొండల మధ్య దారి, డీజిలు ఖర్చు చూస్తే పెద్దల ధరతో నాకు పేచీ లేదు. పేచీ అంతా పిల్లల ధరతోనే. ఆర్టీసీ బస్సులో ఐదేళ్లు దాటిన పిల్లలకు అర టికెట్. లాంచీలో మాత్రం పెద్దల ధరలో 80 శాతం. అంత తీసుకుంటున్నప్పుడు పిల్లల కోసం అందులో ఏముందో చెప్పాలి కదా. ప్రకటనల్లో కొండలున్నాయి, నీళ్లున్నాయి, భోజనం ఉంది, ‘కుటుంబంతో రండి’ అన్న పిలుపు ఉంది. మూడేళ్ల పిల్లాడు ఆ ఏడు గంటలూ ఎట్లా గడపాలో మాత్రం ఎవరూ రాయరు.

ఇది శ్రీశైలం లాంచీ ఒక్కదాని సంగతి కాదు. పసిపిల్లలతో నీటి మీద సెలవు గడపాలన్న కోరిక ఇప్పుడు మన దగ్గర కొత్తగా పెరుగుతోంది. నల్గొండ, మిర్యాలగూడ, మహబూబ్‌నగర్ నుంచి హైదరాబాద్ వెళ్లి స్థిరపడిన ఉద్యోగుల ఇళ్లల్లో సింగపూర్ ఓడ, చెన్నై ఓడ అనే మాటలు దసరా ముందు వినబడుతున్నాయి. చెన్నై నుంచి విశాఖపట్నం, పుదుచ్చేరి మీదుగా తిరిగే విహార ఓడలు 2022లో మొదలయ్యాయి. అమ్మమ్మ తాతయ్యలను కలుపుకొని వెళ్లే ఈ కుటుంబాలు రెండు దారుల మధ్య ఊగుతుంటాయి. ఒకటి పక్కనే ఉన్న కృష్ణ, రెండోది విమానం ఎక్కి వెళ్లాల్సిన సముద్రం. దగ్గరిది, చౌకది కాబట్టి పిల్లలకు లాంచీయే తేలిక అని అందరూ అనుకుంటారు. నా లెక్కలో అది తలకిందులు.

సాగర్ నుంచి శ్రీశైలం దాకా 120 కిలోమీటర్లకు అటూ ఇటూ. దారిలో దిగడానికి ఊరు లేదు, చాలాచోట్ల ఫోను పలకదు. రెండు వైపులా పులుల అభయారణ్యం. పెద్దవాళ్లకు అదే అందం. మలుపు మలుపుకు కొండ రంగు మారుతుంటే చూస్తూ కూర్చోవచ్చు. పిల్లలకు మొదటి అరగంట సంబరం. ఆ తర్వాత కొండలన్నీ ఒక్కటే. పరుగెత్తనియ్యరు, రెయిలింగ్ దగ్గరికి పోనియ్యరు, పడుకుందామంటే ఇంజన్ మోత. బాత్‌రూమ్‌కు తీసుకుపోతే ఊగే నేల మీద పిల్లను ఒక చేత్తో పట్టుకుని రెండో చేత్తో తలుపు పట్టుకోవాలి. మసాలా భోజనం ముందర పెడితే తినరు, ఇంటి నుంచి తెచ్చిన పెరుగన్నమే గతి. ఒక్క బిడ్డకు జ్వరం వచ్చినా వాంతులు పట్టుకున్నా లాంచీ ఆగేది ఆ కొసకే. దిగాక కూడా కథ అయిపోదు. సాగర్ లాంచీ చేరే లింగాలగట్టు రేవు శ్రీశైలం డ్యామ్‌కు దిగువన ఉంటుంది, అక్కడి నుంచి కొండ మీదికి బండి ఎక్కాలి. ఒకవైపు టికెట్టు తీసుకుని రోడ్డున తిరిగి వద్దామనుకుంటే నల్లమల ఘాట్ మలుపులు. మన్ననూరు చెక్‌పోస్టు దగ్గర రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా రాకపోకలు ఆపేస్తారు. లాంచీ ఆలస్యమై, దర్శనం క్యూ కదలకపోతే నిద్రకు ఏడుస్తున్న పిల్లతో గది వెతుక్కోవాల్సిందే.

సముద్రపు ఓడలో ఈ బాధల్లో చాలావరకు ఉండవు. కారణం ఒక్కటే, గది. పిల్ల మధ్యాహ్నం రెండింటికి నిద్రపోతే పడుకోబెట్టడానికి మంచం ఉంటుంది, తలుపు వేసుకోవచ్చు. పేరున్న సంస్థలు ఓడల్లో పిల్లల కోసం ప్రత్యేక గదులు, ఆడించే మనుషులను పెడతాయి. సాధారణంగా మూడేళ్లు నిండి, డైపరు మానేసిన పిల్లలనే అక్కడ వదలనిస్తారు. డైపరు వేసుకునే పిల్లలను ఈత కొలనులోకి రానివ్వరు. ఆరు నెలలు నిండని బిడ్డను చాలా ఓడలు ఎక్కించుకోవు, వరుసగా రోజుల తరబడి సముద్రంలోనే ఉండే ప్రయాణాలకు ఏడాది నిండాలంటాయి. ఈ నిబంధనలు చదివితే విసుగొస్తుంది గానీ, వీటిని రాసినవాళ్లు పసిపిల్లల గురించి కాస్త ఆలోచించారన్నది మాత్రం తెలుస్తుంది.

అట్లని ఓడ ఎక్కమని నేను చెప్పడం లేదు. దాని ఖర్చు మామూలు ఉద్యోగి కుటుంబానికి భారమే, పైగా ప్రకటనలో కనబడే ధర అసలు ధర కాదు. గదిలో ఇద్దరుంటారన్న లెక్క మీద మనిషికి ఇంత అని వేస్తారు. రేవు పన్నులు, సిబ్బందికి ఇచ్చే టిప్పులు, ఇంటర్నెట్ తర్వాత వచ్చి చేరతాయి. సింగపూర్ నుంచి ఎక్కి మళ్లీ సింగపూర్‌లోనే దిగాలంటే ఒకసారి ప్రవేశించే వీసా సరిపోదు, మళ్లీ రావడానికి వీలున్నది కావాలి. పిల్లల పాస్‌పోర్టుకు గడువు ఐదేళ్లే, రెండేళ్లప్పుడు తీసుకున్నది ఉంది కదా అని బీరువాలో చూసుకోకుండా టికెట్లు కొనేవాళ్లుంటారు. వేలమంది ఒకే చోట తినే ఓడల్లో వాంతులు, విరేచనాలు తెచ్చే నోరోవైరస్ తొందరగా పాకుతుంది. దానికి శానిటైజర్ పెద్దగా పనిచేయదు, సబ్బుతో చేతులు కడిగించాల్సిందే. బాల్కనీ ఉన్న గది తీసుకుంటే నడక నేర్చిన పిల్లల వెనుక కళ్లు పెట్టుకుని తిరగాలి. కడుపులో తిప్పే గుణం రెండేళ్ల లోపు పిల్లల్లో అరుదు, ఆ తర్వాత పన్నెండేళ్ల దాకా ఎక్కువ. ఓడ మధ్యలో, కింది అంతస్తుల్లో గది దొరికితే ఊపు తక్కువ తెలుస్తుంది. మందు సంగతి పిల్లల డాక్టరును అడగాలి, మెడికల్ షాపతన్ని కాదు.

ఓడ నుంచి మన లాంచీ నేర్చుకోవాల్సింది మాత్రం ఒకటుంది. అంతర్జాతీయ సముద్ర భద్రత నిబంధనల ప్రకారం 15 కిలోల లోపు బిడ్డ పసిబిడ్డ. 15 నుంచి 43 కిలోల లోపు ఉంటే చిన్నపిల్లలు. 24 గంటలు దాటే ప్రయాణమైతే ఓడలో ఎందరు పసిబిడ్డలుంటే అన్ని పసిబిడ్డల లైఫ్ జాకెట్లు ఉండాలి. ఇక చిన్నపిల్లల జాకెట్లు మొత్తం ప్రయాణికుల్లో కనీసం 10 శాతానికి సరిపడా ఉండాలి, పిల్లలు అంతకన్నా ఎక్కువ ఉంటే ప్రతి ఒక్కరికీ ఒకటి. అంటే సముద్రం మీద బిడ్డను తూకంతో లెక్కిస్తారు. మన రేవులో వయసుతో లెక్కిస్తారు, అదీ ఛార్జీ కోసం. పెద్దవాళ్ల జాకెట్ మూడేళ్ల బిడ్డకు తొడిగి తాళ్లు బిగించినా నీళ్లలో పడగానే జాకెట్ పైకి లేస్తుంది, బిడ్డ కిందికి జారిపోతుంది. పిల్లల జాకెట్‌కు కాళ్ల మధ్య నుంచి వచ్చే పట్టీ, తలను నీటిపైన ఉంచే కాలరు ఉంటాయి. ఈ తేడా తెలియని తల్లిదండ్రులు జాకెట్ వేశాం కదా అని నిశ్చింతగా ఫొటోలు దిగుతారు. వాళ్లను తప్పు పట్టలేం, చెప్పేవాళ్లుండాలి.

భయపెట్టడానికి రాస్తున్నానని అనుకునేవాళ్లు కొల్లాపూర్ వైపు ఎవరినైనా అడగండి. 2007 జనవరిలో మంచాలకట్ట దగ్గర కృష్ణలో పడవ మునిగి 60 మంది దాకా పోయారు. అవతలి ఒడ్డు నెహ్రూనగర్‌కు వెళ్లే మామూలు జనం వాళ్లు, సరదాకు వచ్చినవాళ్లు కారు. సోమశిల, సిద్ధేశ్వరం మధ్య వంతెన కావాలన్న డిమాండుకు ఆ చావులే బలమయ్యాయి. 2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర మునిగిన బోటు పాపికొండల విహారానికి బయల్దేరింది. అందులో వరంగల్ పక్కన కడిపికొండ నుంచి ఒక్క గుంపుగా వెళ్లినవాళ్లున్నారు. 2023 మే 7న కేరళలోని తానూరులో 22 మంది చనిపోతే వాళ్లలో ఎక్కువమంది పిల్లలే. 2024 జనవరి 18న వడోదర హరణి చెరువులో విహారయాత్రకు వచ్చిన 12 మంది విద్యార్థులు, ఇద్దరు టీచర్లు మునిగిపోయారు. ఎక్కువమంది ఒంటి మీద జాకెట్లే లేవు. వీటిలో ఏదీ తుపాను తెచ్చిన ప్రమాదం కాదు. ఎక్కించాల్సిన దానికన్నా ఎక్కువమందిని ఎక్కించడం, జాకెట్లు ఇవ్వకపోవడం, వరదలో బయల్దేరడం వంటి మనుషులు చేసిన పనులే వీటిలో మళ్లీ మళ్లీ కనబడతాయి. 1917 నాటి పాత చట్టం స్థానంలో 2021లో దేశీయ జలనౌకల చట్టం వచ్చింది. పడవకు సర్వే, రిజిస్ట్రేషన్ ఉండాలంది. అమలు మాత్రం రాష్ట్రాల చేతిలోనే ఉంది.

మరో చిక్కు కాలంతో. పిల్లలకు పెద్ద సెలవులు ఎండాకాలంలో. అప్పుడు సాగర్‌లో నీళ్లు అడుగంటుతాయి, దూరపు లాంచీ కదలదు. ఆగస్టు, సెప్టెంబరుల్లో వరద వస్తుంది, గేట్లు ఎత్తుతారు. ఆ ప్రవాహంలో పిల్లలతో నది మీదికి పోవడం మతిలేని పని, అధికారులు ఆపేస్తే సంతోషించాలి. ఇక మిగిలేది అక్టోబరు నుంచి జనవరి దాకా, అందులోనూ దసరా, సంక్రాంతి సెలవులు. ఆ కొద్ది రోజులకే అందరూ ఎగబడతారు. రద్దీలో లైఫ్ జాకెట్ కొలత అడిగే ఓపిక ఇటు సిబ్బందికీ ఉండదు, అటు మనకూ ఉండదు. లాంచీ ఖాళీగా ఉండే మామూలు రోజుల్లో వెళ్దామంటే బడి. నాలుగేళ్లలోపు పిల్లలున్నవాళ్లకు ఈ ఒక్క విషయంలో అదృష్టం ఉంది, నవంబరులో ఏ మంగళవారమో పోవచ్చు. ఎల్‌కేజీలో నాలుగు రోజులు పోతే మునిగేదేం లేదు, మార్కుల పిచ్చి అప్పుడే ఎందుకు?

ఇంతకీ పసిపిల్లలున్న కుటుంబం ఎటు పోవాలి అంటే, నా ఓటు నాగార్జునకొండకు. సాగర్ నుంచి ఆ ద్వీపానికి లాంచీలో వెళ్లడానికి గంట చాలు. దిగితే చెట్లున్నాయి, పరుగెత్తడానికి నేల ఉంది, మ్యూజియం ఉంది, మళ్లీ గంటలో వెనక్కి రావచ్చు. పిల్లల ఓపిక ఎంతో ఆ ప్రయాణం అంతే. 1955 డిసెంబరు 10న నెహ్రూ సాగర్ డ్యామ్‌కు శంకుస్థాపన చేసే నాటికే కింద లోయలో తవ్వకాలు మొదలై ఏడాది దాటింది. ఇక్ష్వాకు రాజుల రాజధాని విజయపురి మునిగిపోతుందని తెలిసి 1960 దాకా తవ్వి, దొరికినవి ఇప్పుడు ద్వీపమైన ఆ కొండ మీదికి చేర్చారు. నీళ్ల కింద ఒక ఊరుందని చెబితే ఆరేళ్ల పిల్లకు కళ్లు పెద్దవవుతాయి. ఏడు గంటల కొండల దృశ్యం కన్నా ఆ ఒక్క మాట ఆ వయసుకు ఎక్కువ. శుక్రవారం మాత్రం వెళ్లకండి, మ్యూజియానికి సెలవు. గాలి ఎక్కువుండి లాంచీ ఆపితే సాగర్‌లోనే ఉన్న బౌద్ధ పార్కు బుద్ధవనం ఉంది. 2022లో తెరిచిన ఆ 274 ఎకరాల్లో పిల్లలు అలిసిపోయేదాకా తిరగొచ్చు, నీటి భయం లేదు. నల్గొండ నుంచి హాలియా మీదుగా వస్తే పొద్దున బయల్దేరి రాత్రి భోజనానికి ఇల్లు చేరొచ్చు. పాలమూరు వైపువాళ్లు సోమశిలలో దగ్గరి తిప్పు ఒకటి తిరిగి, ఒడ్డున వేయించిన చేపలు తిని, లలితా సోమేశ్వరుణ్ని చూసి రావచ్చు. శ్రీశైలం దాకా లాంచీ పిల్లలు ఏడెనిమిదేళ్లు దాటాక పెట్టుకోండి. అప్పటికి వాళ్లే పులి కనబడుతుందేమోనని కిటికీ వదలరు.

ఇది తల్లిదండ్రుల తెలివితోనే తీరే సమస్య కాదు. ‘కుటుంబ విహారం’ అని అమ్ముతున్నప్పుడు ప్రభుత్వం దగ్గర అడగాల్సినవి కొన్ని ఉన్నాయి. అవి లగ్జరీలేం కావు. పిల్లల జాకెట్లు మూడు కొలతల్లో, ఎక్కేవాళ్ల సంఖ్యకు తగ్గట్టు ఉండాలి. బయల్దేరే ముందు ఐదు నిమిషాలు జాకెట్ ఎలా బిగించాలో తెలుగులో చెప్పి, పిల్లలకు తొడిగి చూపించాలి. పసిబిడ్డను పడుకోబెట్టడానికి, పాలు పట్టడానికి తెర వేసిన ఒక మూల కావాలి. పిల్లల టికెట్టుకు అంత తీసుకునే చోట ఇది ఎక్కువ కోరిక కాదు. దూరపు లాంచీకి ఒక ప్రథమ చికిత్స తెలిసిన మనిషి, సిగ్నల్ లేని చోట పనిచేసే వైర్‌లెస్ ఉండాలి. టికెట్ ఇచ్చేటప్పుడు పిల్లల వయసు ఎలాగూ అడుగుతారు. పక్కనే బరువు కూడా రాసుకుంటే ఏ కొలత జాకెట్లు ఎన్ని కావాలో లాంచీ కదలకముందే తెలుస్తుంది. దానికి టెండర్లు పిలవాల్సిన పని లేదు.