సౌఫ గారికి ఒక బహిరంగ లేఖ

గౌరవనీయులైన సౌఫ గారికి,

కువైట్‌లో ఒక గోడౌన్ లెక్కలు చూసుకుంటూ, సాయంత్రాలు అరబ్బీ వ్యాకరణం ముందేసుకుని కూర్చునే కడప జిల్లావాడు రాసుకున్న అర్జీ ఇది.

అరబ్బీలో క్రియ ముందు నిలబడి ‘ఇకముందు జరుగుతుంది’ అని చెప్పే మాట మీరేనని, భవిష్యత్తు మీ చేతిలోనే ఉందని మా పుస్తకంలో రాశారు. భూతకాలం క్రియకు తోకలు తగిలించింది, వర్తమానం ముందూ వెనకా పట్టి లాగింది. ఇక భవిష్యత్తు ఏం చేస్తుందోనని ఆ పాఠం వచ్చేదాకా టెన్షన్ పడ్డాను. తీరా చూస్తే మీరు చేసేదేమీ లేదు! ‘యక్తుబు’ అంటే రాస్తున్నాడు, లేదా రాస్తుంటాడు. దాని ముందు మీరొచ్చి నిలబడితే ‘సౌఫ యక్తుబు’, ఇకముందెప్పుడో రాస్తాడు. క్రియ చివరి ‘ఉ’ కూడా కదల్లేదు. మీ చిన్నవాడు ‘స’ నయం, కనీసం క్రియకు అతుక్కుని ‘సయక్తుబు’ అనిపించుకుంటాడు. మీకు అదీ నామోషీ, విడిగా నిలబడతారు.

ఆ ‘స’కీ మీకూ చుట్టరికం ఏమిటని ఇరాక్‌లోని కూఫా, బస్రా ఊళ్ల పాతకాలపు వ్యాకరణ పండితులు పోట్లాడుకున్నారు. మీలోంచి విరిగిన ముక్కే అతను అన్నారు కూఫావాళ్లు. కాదు, అతనిది వేరే ఇల్లు అన్నారు బస్రావాళ్లు. పైగా ‘స’ అంటే దగ్గరి భవిష్యత్తు, ‘సౌఫ’ అంటే దూరపు భవిష్యత్తు అని లెక్క తేల్చారు. ఇప్పటి పత్రికలు చదువుతుంటే ఆ దూరం ఎక్కడుందో నాకైతే కనిపించలేదు.

ఈ విషయంలో మిమ్మల్ని అనే మొహం తెలుగువాళ్లకు లేదు లెండి. ‘రోజూ వస్తాను’, ‘రేపు వస్తాను’ రెండింటికీ ఒకటే ‘వస్తాను’ వాడుకుంటాం. తలుపు మీద ‘రేపు రా’ అని రాసి దయ్యాన్నే వాయిదా వేసినవాళ్లం.

నా ఫిర్యాదు వేరే. పాఠం బట్టీ కొట్టి బజార్లోకి వెళ్తే మీరు కనిపించరేం? ఫ్లెక్సీ నిండా బొమ్మ ఉండి సభకు రాని ముఖ్య అతిథిలా ఉంది మీ వ్యవహారం. టీవీ వార్తల్లో ఉంటారు, ప్రభుత్వ ప్రకటనల్లో ఉంటారు, కూరగాయల కొట్టు దగ్గర మాత్రం ఉండరు. అక్కడ మీ పేరెత్తితే కొట్టువాడు నన్ను వార్తలు చదివేవాడనుకుంటాడు.

మీరు లేకపోయేసరికి జరిగిన గొడవ వినండి. మా సూపర్‌వైజర్ కువైటీ, డ్రైవర్ ఈజిప్షియన్. సూపర్‌వైజర్ ‘బరూహ్ ఇల్ మీనా’ అంటే పోర్టుకు వెళ్తాడు, ఇంకా బయల్దేరలేదు. డ్రైవర్ అదే మాట అంటే, పోర్టుకు వెళ్తుంటాను, అది నా రోజువారీ పని అని. అతను వెళ్లబోతుంటే ‘హరూహ్’ అంటాడు. ఒకే ‘బ’ గల్ఫ్‌లో రేపు, కైరోలో నేడు. ఇద్దరూ నా బల్ల ముందు నిలబడి ‘బరూహ్’ అంటే గేట్ పాస్ ఎవరికి రాయాలి? సిరియావాడైతే ‘రహ్ రూహ్’, మొరాకోవాడైతే ‘గాదీ నమ్షీ’, ట్యునీషియావాడైతే ‘బాష్ నిమ్షీ’. ఒక్క మనిషి వెళ్లడానికి ఇన్ని రకాలు! వీటిలో ‘హ’, ‘రహ్’, ‘గాదీ’ మూడూ ‘వెళ్తున్నాను’ అనే మాటల్లోంచి పుట్టినవే. అంటే మీ కోసం చూసి చూసి, జనం కాలినడకన భవిష్యత్తులోకి వెళ్లిపోయారన్నమాట.

ఖురాన్ 102వ సూరాలో, అంటే అధ్యాయంలో, మీకు వరసగా రెండు చోట్ల స్థానం ఉంది, కాదనను. కానీ ‘అల్లా తలిస్తే’ అని చేర్చకుండా ‘రేపు చేస్తాను’ అనొద్దని చెప్పే 18వ సూరాలో, ఆ ‘రేపు చేస్తాను’ దగ్గర మీరూ లేరు, ‘స’ కూడా లేడు.

పోనీ, కాదనాల్సి వచ్చినప్పుడైనా ఉంటారా? ‘రాయడు’ అనాలంటే ‘లన్ యక్తుబ’. లన్ రాగానే క్రియ చివరి ‘ఉ’ పోయి ‘అ’ వచ్చింది. పనిచేసే అధికారి వస్తే ఆఫీసు ఎలా లేచి నిలబడుతుందో చూశారా? ‘స’తో చెప్పిన మాటను కాదనేది లన్ అని పాతకాలపు వ్యాకరణ పండితుడు సీబవైహి ఎప్పుడో రాసిపెట్టాడు. అయినా ఇప్పటి పత్రికలవాళ్లు ‘సౌఫ లన్’ అని రాసి, మీకూ పక్కన ఒక కుర్చీ వేస్తున్నారు. ఛాందసులు మొత్తుకుంటున్నా వినేవాడు లేడు.

మీ కుటుంబం నాగా లేకుండా డ్యూటీ చేసే చోటు ఒకటుంది, నోటీసు బోర్డు. ప్రస్తుతం మా బోర్డు మీద ఇలా ఉంది: ‘సయతిమ్ము సర్ఫుర్ రవాతిబి ఖరీబన్’. జీతాల చెల్లింపు త్వరలో పూర్తవుతుంది. ఎవరు చెల్లిస్తారు? ఆ ‘యతిమ్ము’లో మనిషి ఉండడు, చెల్లింపు దానంతటదే పూర్తి కావాలి. ఎప్పుడు? ఖరీబన్, అంటే త్వరలో. బస్రావాళ్ల లెక్కన ‘స’ దగ్గరి భవిష్యత్తు కాబట్టి ప్రస్తుతానికి ధైర్యంగానే ఉన్నాను. ఆ కాగితం మీద ‘స’ని తీసి మిమ్మల్ని పెట్టే ఆలోచన ఏదైనా ఉంటే ముందే కబురు పెట్టండి, ఊళ్లో చీటీ కట్టే తేదీ మార్చుకుంటాం. లన్‌ని పెట్టేటట్టయితే మరీ మంచిది. వేరే కఫీల్‌ని, అదే, వీసా ఇచ్చే యజమానిని వెతుక్కుంటాను.

ఇట్లు,
ఒక గోడౌన్ గుమాస్తా