బన్నుల బండి, నా బకెట్

"జూన్‌ల పోండ్రి సార్, రేట్లు సగానికి సగం, జనం కూడ ఉండరు" అన్నడు మా టూర్ల పిల్లగాడు. సగం రేటు ఎందుకో ఆయన చెప్పలే, నేను అడగలే. శ్రీలంకల గాలె పక్కన ఉనవటునల దిగినంక తెలిసింది. మే నుంచి సెప్టెంబరు దాక నైరుతి రుతుపవనాలు సీదా ఆ ఒడ్డుకే వచ్చి కొడుతయట. బీచ్ పొడుగూత ఎర్ర జెండాలు. మా దిక్కు ఎర్ర జెండాలు కనవడితే ఏదో సభ ఉన్నదనుకుంటం; అక్కడ నీళ్ళల్ల దిగొద్దని. గణపతిదేవుని కాలంల కట్టిన పాకాల చెరువే మాకు సముద్రం. అసలు సముద్రాన్ని ఐదు రోజులు గొడుగు కిందికెళ్ళి చూసిన.

సరే, రెస్ట్ తీసుకుందామంటే ఆ విద్య నాకు రాదు. ఇరవై రెండేండ్లు కాజీపేటల రైలెక్కి సికింద్రాబాద్‌కు అప్ అండ్ డౌన్ చేసిన కాళ్ళాయె. పొద్దున ఇడియాప్పం కావాలంటే గెస్ట్‌హౌస్ పెద్దమనిషి "టికక్ ఇన్న" అన్నడు. మన దిక్కు 'ఇన్న' అంటే విన్ననే కదా. విన్నడని కుదురుగ కూసున్న. అర్ధగంటకు మళ్ళ చెప్పిన. "టికక్ ఇన్న." మళ్ళ విన్నడు. ఒక్క మాట ఎన్నిసార్లు వింటడయ్యా! 'కొంచెం ఆగు' అని దానర్థమని మూడో రోజుకు తెలిసింది. టైం తేడా అని సర్దుకుందామంటే, 2006 నుంచి వాళ్ళ గడియారం, మన గడియారం ఒక్కటేనాయె.

నాలుగో రోజు పొద్దుగాల ఆరు దాటింది. మంచి నిద్రల ఉన్న. దూరంగ ఆటో చప్పుడు, దాని మీద మైకుల పాట.

ఇక్కడ నా బాధ మీకు చెప్పాలె. మా గల్లీకి చెత్త ఆటో పాట పెట్టుకొని వస్తది. పాట వినవడ్డ కాడికెళ్ళి మలుపు దాటేదాక గట్టిగ ఒక్క నిమిషం. ఆ పిల్లగాడు బండి ఆపడు, ఆపినట్టు చేస్తడు. తప్పితే రెండు రోజులు ఆ బకెట్‌తోని కాపురం. దొరికితేనేమో "తడి, పొడి వేరు చెయ్యలేదా అంకుల్?" అని గల్లీ అందరి ముందట అడుగుతడు. అందుకే పాట వినవడితే నాకు మెలకువ రాకముందే నా కాళ్ళు లేస్తయి.

లేచినయి. లుంగి ఎగ్గట్టిన, రూంల ఉన్న చెత్త బకెట్ అందుకున్న, మెట్లు దిగిన. దేశం మారిందన్న సోయి లేదు. బకెట్ల పైన రాంబుటాన్ తొక్కలు, కింద ఇంటికాడికెళ్ళి తెచ్చుకున్న సకినాల కవర్లు. ఉరుక్కుంటనే కవర్లన్ని ఏరి సంకల పెట్టుకున్న. "ఆగు తమ్మీ, ఆగాగు" అని ఒక్కటే కేక.

ఆగింది. ఇంజన్ కూడ బంద్ చేసిండు. అక్కడనే నాకు అనుమానం రావాలె. చెత్త బండి మనకోసం ఇంజన్ బంద్ చేసుడు యాడనన్న ఉన్నదా? రాలే. ఆయన నిమ్మలంగ దిగిండు, వెనకకొచ్చిండు, అద్దాల తలుపు జరిపిండు. చెత్త బండికి అద్దాలు! శుభ్రత అంటే వీళ్ళది అనుకుంట బకెట్ ఎత్తి వంచవోయిన.

జానెడు దూరంల మొసలి. ఎర్రగ కాలి, వీపు మీద చక్కెర అద్దిన మొసలి బన్ను. పక్కన మూడు మూలల చేప బన్నులు, వాటెనక రొట్టెలు. బకెట్ అంచు మీద ఒక రాంబుటాన్ తొక్క ఊగుతున్నది. ఆయన దాన్ని చూసిండు, నన్ను చూసిండు, నా సంకల కవర్లు చూసిండు. పాట మాత్రం ఆగలే. పాత ఫోన్లల్ల రింగ్‌టోనుండేది చూడుండ్రి, అదే, బీథోవెన్‌దట. ఆ బండిని చూన్ పాన్ అంటరట. పాన్ అంటే రొట్టె, పోర్చుగీసోళ్ళు వదిలిపోయిన మాట. ఇదంత తర్వాత గెస్ట్‌హౌస్ పెద్దమనిషి చెప్పిండు, ముందుగాల పది నిమిషాలు నవ్వినంక.

బన్నులాయన తిట్టలే. బకెట్‌ను రెండు వేళ్ళతోని మెల్లగ కిందికి దించి "టికక్ ఇన్న" అన్నడు. కాగితంల ఒక మొసలిని చుట్టి నా చేతిల పెట్టిండు. లుంగిల పైసలేడియి? రేపియ్యి అన్నట్టు చెయ్యి ఊపి, వచ్చినంత మెల్లగ పోయిండు. తిట్టినా మంచిగుండు.

పైకి చూస్తే బాల్కనీల మా ఇంటామె.

"తడి, పొడి వేరు చేసిండ్రా?"

మర్నాడు పైసలు ఆమెనే పోయి ఇచ్చొచ్చింది.

నిన్న రాత్రి హనుమకొండకొచ్చినం. ఇయ్యాళ పొద్దుగాల గల్లీల పాట మొదలైంది. "రెండు మొసళ్ళు తేండ్రి, చక్కెర మంచిగుండాలె" అన్నది వంటింట్లకెళ్ళి. నేను ఆగి ఏదో జవాబు చెప్పవోయిన. అంతల్నే బండి మలుపు దాటింది. బకెట్ గేటు కాడనే ఉన్నది.