పస్తులుంటేనే పూస్తుందట!

మిద్దె తోటల పెద్దలకు మందారం, నందివర్ధనం మొహం మొత్తేశాయి. ఇప్పుడు అందరి చూపూ కింగ్ ప్రోటియా మీదే. దక్షిణాఫ్రికా జాతీయ పుష్పం. ఆ దేశపు క్రికెటర్లను ప్రోటియాస్ అనేది దీని పేరు మీదే. ఏడాదంతా పచ్చగా ఉండే పొద, పువ్వు అడుగు వెడల్పు దాకా విచ్చుకుంటుంది. దాన్ని గింజ నుంచే పెంచి తీరాలని పెద్దల పంతం. మెచ్చుకోవాల్సిందే.

దీని పుట్టిల్లు కేప్ ప్రాంతం. అక్కడి పొదల అడవిని అప్పుడప్పుడూ కార్చిచ్చు కాల్చేస్తుంది. అలాంటి చోట పుట్టిన ఎన్నో మొక్కల గింజలు పొగ తగిలితే బాగా మొలకెత్తుతాయి. అందుకని అక్కడ కాగితానికి పొగ పట్టించి మరీ అమ్ముతారు. దాన్ని నీళ్లలో వేసి, ఆ నీళ్లలో గింజలు నానబెట్టాలి. మనకా ఖర్చు దేనికండీ? రోజూ పొద్దున్నే వీధి చివర చెత్తకుప్ప తగలబెడుతూనే ఉన్నారు. ఇంత విలువైన ఉద్యానసేవకు పన్ను వేయనందుకు పాలకులకు ఎంత రుణపడినా తక్కువే.

వానల సంగతీ కలిసొస్తుంది. అక్కడా వానలు జూన్, జూలై, ఆగస్టుల్లోనే. కాకపోతే వాళ్లకవి చలినెలలు. మన ఉక్కపోతలో, తడి ఆరని కుండీలో వేరు కుళ్లిపోతే అది మొక్క పెంకితనం, మన తప్పు కాదు.

అసలు చిక్కు తిండి దగ్గరుంది. సారం లేని ఇసుక నేలలో బతికిన వంశం కదా, కుచ్చులు కుచ్చులుగా సన్నటి వేళ్లు వేసి, ఉన్న కాస్త భాస్వరాన్నీ గీరుకుని తాగుతుంది. దానికి ఇంకొంచెం ఎక్కువ దొరికితే అదే విషం. ఈ మాట మన ఇళ్లలో ఎవరికి చెప్పగలం? సంక్రాంతికి వచ్చిన కొత్త అల్లుడికి వడ్డించినట్టు ఎముకల పొడి, వర్మీ కంపోస్ట్, జీవామృతం, బియ్యం కడుగు, అన్నీ వరసగా పడతాయి. ఆకు మాడితే 'పాపం, బలం చాల్లేదు' అని భాస్వరం దండిగా ఉన్న డీఏపీ ఎరువు గుప్పెడు. అంత్యక్రియలకు వేరే ఏర్పాట్లు అక్కర్లేదు.

అన్నీ తట్టుకున్నా మొదటి పువ్వుకు నాలుగైదేళ్లు పడుతుంది. కాబట్టి నా సూచన ఒక్కటే: ప్రోటియా గింజ నాటిన ప్రతి మిద్దె మీదా ఒక పిసినారిని కాపలా పెట్టాలి. తోటపని తెలిసినవాళ్లు, జాలిగుండె వాళ్లు దరఖాస్తు చేయనక్కర్లేదు. జీతం అడిగినవాళ్లు మొదటి రౌండులోనే అవుట్.