ప్యాషన్ ఎన్ని కిలోలు?

హోటల్లో తిండి, పానీయాల వ్యవహారమంతా చూసే ఫుడ్ అండ్ బెవరేజ్ మేనేజర్ కావలెను అనే ప్రకటనల్లో మొదటి అర్హత ఎప్పుడూ ఒకటే: 'ఫుడ్ అంటే ప్యాషన్ ఉండాలి.' డిగ్రీ, అనుభవం ఆ తరవాతే. పక్కన ఫొటోలో కోటేసుకున్న కుర్రాడు గాజుగ్లాసును వెలుతురుకెత్తి తన్మయంగా చూస్తుంటాడు. అందులో ఏం చూస్తున్నాడో ఈ పనిలో ఉన్నవాళ్ళందరికీ తెలుసు. లిప్‌స్టిక్ మరక.

సరే, ప్యాషన్‌ను సగౌరవంగా స్వీకరించి లెక్కల్లో ఎక్కడ వేయాలో వెతుకుదాం. నెల మొదట్లో ఉన్న సరుకుకు ఆ నెల కొన్నది కలిపి, నెలాఖరున మిగిలింది తీసేస్తే వాడకం తేలుతుంది. దాన్ని ఫుడ్ అమ్మకాలతో భాగించి వందతో గుణిస్తే ఫుడ్ కాస్ట్. చాలాచోట్ల 28 నుంచి 35 శాతంలోపు ఉంచమంటారు. స్టాఫ్ తిన్న భోజనాల ఖర్చు ఇందులోంచి తీసేయడానికి గడి ఉంది, పారబోసినదానికి వేరే పుస్తకం ఉంది. ప్యాషన్‌కు మాత్రం గడి కొట్టడం మరిచిపోయారు పాపం.

నెలాఖరు రాత్రి చూడాలి ఆ తన్మయత్వం. చివరి టేబుల్ లేచేసరికి పన్నెండు దాటుతుంది. మన రసజ్ఞుడు మిగిలిన సరుకు లెక్కపెట్టడానికి కోటు విప్పి, స్వెటర్ తొడుక్కుని మైనస్ 18 డిగ్రీల ఫ్రీజర్‌లో దూరతాడు. ఒకరు లెక్కపెట్టాలి, ఇంకొకరు రాయాలి. రెండూ స్టోర్‌కీపరే చేస్తే వచ్చేవి కాకిలెక్కలు. షీటులో సరుకుల పేర్లు అరల వరసలో ఉండాలి. అక్షరక్రమంలో ఉన్నాయా, ఒక్కో వస్తువుకూ గది చుట్టూ ఒక ప్రదక్షిణ. పెట్టె మీద 10 కిలోలని ఉంటుంది, లోపల మూడే ఉంటాయి. సగం వాడిన జాడీ తూచాలంటే కాటా ఉంది, దానికి బ్యాటరీ లేదు. "నాలుగు కిలోలు వేసుకోండి సార్," అంటాడు స్టోర్‌కీపర్, దయతో.

అక్కణ్ణుంచి బార్. ప్రతి సీసానూ కంటితో పది భాగాలు చేసి పదిలో ఏడు, పదిలో మూడు అని చెప్పాలి. నాలుగో వరసకొచ్చేసరికి నిద్ర ముంచుకొచ్చి సీసాలన్నీ సరిగ్గా సగమే కనిపిస్తాయి. (తూచి, ఖాళీ సీసా బరువు తీసేస్తే తప్పు ఉండదు. బ్యాటరీ సంగతి చెప్పాను కదా.) 750 మిల్లీలీటర్ల సీసాకు 30 మిల్లీలీటర్ల పెగ్గులు 25 రావాలి. కొలత పాత్ర పక్కనపెట్టి 35 చొప్పున పోస్తే 21 దగ్గరే సీసా ఖాళీ. వడ్డించేవాడు మనవాడైతే అంటారే, ఆ 'మనవాడి' ఖరీదు సీసాకు నాలుగు పెగ్గులు. ఆ సమయంలో ఎవరైనా ప్యాషన్ పట్టుకొస్తే, స్టోర్‌కీపర్ తలెత్తకుండా అడుగుతాడు: "ఎన్ని కిలోలు రాయమంటారు సార్?"

ఇంతా చేశాక, 31న దిగిన సరుకు అరల్లో లెక్కకొచ్చి, దాని బిల్లు మాత్రం ఒకటో తారీకున పడుతుంది. ఈ నెల కాస్ట్ అద్భుతంగా తగ్గి అభినందనలు. వచ్చే నెల అంతే అద్భుతంగా పెరిగి మెమో. అదే మనిషి, అదే ఉల్లిపాయలు.

ఇక్కడిదాకా నవ్వుకోవచ్చు. సరుకు, జీతాలు కలిపి అమ్మకాల్లో 60, 65 శాతం దాటకూడదని పైనుంచి ఒత్తిడి. సరుకు ధర మన చేతిలో లేదు, మెనూ ధర పెంచనివ్వరు. ఇక మిగిలింది మనుషులే. మొదటి కత్తెర గిన్నెలు కడిగేచోట పడుతుంది, అతిథికి కనపడదు గనక. 200 మంది విందంటే, మనిషికి మూడు గ్లాసులు, నాలుగు ప్లేట్లు వేసుకున్నా 1,400. ముగ్గురుండాల్సిన చోట ఒక్కడు. వేడినీటితో క్రిములు చంపే యంత్రమైతే ఆఖరి నీళ్ళు 82 డిగ్రీలు అందుకోవాలి. అందకపోయినా అతను ప్లేట్లు పేర్చిన రాక్‌లు అందులోకి తోసేస్తూనే ఉంటాడు, ఆగితే గుట్ట పడుతుంది. హడావుడిలో గ్లాసు పగిలితే అతని జీతంలోనే కోత. వారాలతరబడి సెలవులేని ఆ మనిషి ఓవర్‌టైం అడిగితే వచ్చే జవాబు: 'నీకు పనిమీద ప్యాషన్ లేదు.' ఇదీ ఆ మాటకున్న అసలు ఉపయోగం! డబ్బు ఇవ్వాల్సినచోట మాట పెట్టి చేతులు దులుపుకోవడం. ఒక మనిషి రెక్కల కష్టం ఎగ్గొట్టి, దానికి అతని మనసులోనే లోపం ఉందనడానికి ఎంత సిగ్గులేనితనం కావాలి?

ఇంటర్వ్యూ ఆఖరున 'మీరేమైనా అడుగుతారా?' అంటారు. రాత్రిపూట గిన్నెల దగ్గర ఎంతమంది ఉంటారో అడగండి. జవాబు చెప్పకుండా ఆయన పక్కాయన ముఖం చూశాడా, ఫైలు తీసుకుని లేచి వచ్చేయండి.