ఇండోనేషియా ట్రిప్ ఫార్వర్డ్: వీసా ఫ్రీ కాదు, నోటు మీద వినాయకుడూ లేడు

ఫ్యామిలీ గ్రూపుల్లో తెగ తిరుగుతున్న మెసేజ్ ఒకటుంది, మీకూ వచ్చే ఉంటుంది. "ఇండోనేషియాకి మనకి వీసా అక్కర్లేదు, మన రూపాయికి వాళ్ళ రుపియాలు 190 కాబట్టి పది వేలు పట్టుకెళ్తే రాజాలా తిరగొచ్చు, వాళ్ళ నోటు మీద మన వినాయకుడే ఉంటాడు, జకార్తా మునిగిపోతోంది రాజధాని కూడా మార్చేశారు కాబట్టి అక్కడ ఆగకుండా బాలి వెళ్ళిపోండి, ఎండాకాలం సెలవుల్లో అక్కడ వర్షాలు, వెజ్ వాళ్ళు పచ్చళ్ళు మోసుకెళ్ళాల్సిందే" అని. మొత్తం అబద్ధమైతే ఎవరూ నమ్మరు, ఇందులో సగం ఒకప్పటి నిజాలు, అందుకే జనం పడిపోతున్నారు.

ముందు వీసా సంగతి. 2016 నుంచి కొన్నేళ్ళు మనల్ని ఫ్రీగా రానిచ్చిన మాట నిజమే. కోవిడ్ రాగానే 2020లో ఆపారు, 2023లో అధికారికంగానే తీసేశారు. ఇప్పుడున్నది వీసా ఆన్ అరైవల్, 5 లక్షల రుపియా, అంటే మనిషికి అటూ ఇటూగా 2,700 రూపాయలు, 30 రోజులకి ఇస్తారు, ఇంకో 30 రోజులు పొడిగించుకోవచ్చు. పిల్లలకీ కట్టాలి. నలుగురున్న ఇల్లయితే ఆ మెసేజ్‌లో చెప్పిన పది వేలు ఎయిర్‌పోర్ట్ దాటకముందే గోవిందా. ఆన్‌లైన్‌లో ముందే తీసుకుంటే లైన్ తప్పుతుంది గానీ, వెతగ్గానే పైన కనిపించే ప్రైవేట్ సైట్లలో దూరిపోకండి, అడ్రస్ చివర గో డాట్ ఐడీ ఉంటేనే గవర్నమెంట్ సైట్. పాస్‌పోర్ట్‌కి 6 నెలల గడువు ఉండాలి, రిటర్న్ టికెట్ చేతిలో ఉండాలి. బాలి కూడా వెళ్తే 2024 ఫిబ్రవరి నుంచి విడిగా లక్షన్నర రుపియా టూరిస్ట్ ఫీజు ఉంది.

రూపాయికి 190 అనేది కరెక్టే, కానీ అక్కడ ధరలకీ సున్నాలు అలాగే ఉంటాయి కదా సామీ. మామూలు హోటల్లో ప్లేట్ నాసి గోరెంగ్, అంటే వాళ్ళ ఫ్రైడ్ రైస్, 30 వేలు ఉందంటే మన లెక్కలో 160 రూపాయలు, హైదరాబాద్‌లో తిన్నట్టే. మెనూలో 35 అని ఉంటే ముప్పై అయిదు కాదు 35 వేలు, చివరి మూడు సున్నాలు చాలాచోట్ల రాయరు. నిజంగా చవకైంది బస్సు, ట్రాన్స్‌జకార్తా టికెట్ 3,500 రుపియా, మన 20 రూపాయల లోపే. కానీ అందులో క్యాష్ తీసుకోరు, ఇండోమారెట్ లాంటి షాపులో ఈ-మనీ కార్డు కొని డబ్బులేసుకుంటే మెట్రోకీ అదే పనికొస్తుంది. ఇంత పనికొచ్చే ముక్క ఆ మెసేజ్‌లో ఒక్కటీ లేదు!

వినాయకుడి నోటు గురించి ఎన్నిసార్లు చెప్పినా మళ్ళీ మళ్ళీ వస్తుంది. 1998లో విడుదల చేసిన 20 వేల రుపియా నోటు మీద ఉండేవాడు, పక్కన కి హజర్ దేవంతర అనే చదువుల ఉద్యమకారుడి బొమ్మ కూడా ఉండేది. 2008 చివర్లో ఆ నోటు చలామణీ నుంచి తీసేశారు. ఇప్పుడు ఎవరైనా మీకది ఇస్తే దండం పెట్టుకుని వెనక్కి ఇచ్చేయండి, షాపులో చెల్లదు.

అసలు నాకు ఒళ్ళు మండింది జకార్తా గురించి రాసిన ముక్కకి. భూగర్భ జలాలు తోడేయడం వల్ల ఉత్తర జకార్తా కుంగుతోంది, అది నిజమే, తీరం పక్కన మువారా బారు లాంటి చోట్ల గోడ కట్టి సముద్రాన్ని ఆపుతున్నారు. అంతమాత్రాన ఊరంతా మోకాలి లోతు నీళ్ళలో ఉన్నట్టు రాస్తే ఎలా? కొత్త రాజధాని నుసాంతర బోర్నియో దీవిలో కడుతున్నారు, చట్టం 2022లో వచ్చింది, 2024 ఆగస్టు 17న అక్కడ జెండా ఎగరేశారు, అయినా పాస్‌పోర్ట్ పోతే మీరు పరిగెత్తాల్సిన మన ఎంబసీ జకార్తాలోనే ఉంది. ఇక "చూడ్డానికేం లేదు" అనేవాళ్ళు మోనాస్ అనే జాతీయ స్మారక స్తంభం దగ్గర రోడ్డు మధ్యలో గుర్రాల రథం మీద అర్జునుణ్ణి, సారథిగా కృష్ణుణ్ణి చూశారా? ఆ దగ్గర్లోనే నేషనల్ మ్యూజియం, 2023లో అగ్నిప్రమాదం జరిగి మూతపడి 2024లో మళ్ళీ తెరిచారు. తుగు శాసనం అనే పాత రాతి శాసనం ఉండేది ఆ మ్యూజియంలోనే, 5వ శతాబ్దపు పూర్ణవర్మ అనే రాజుది, పల్లవ లిపి, సంస్కృతం, 21 రోజుల్లో గోమతి అనే కాలవ తవ్వించి వెయ్యి ఆవులు దానం చేశానని అందులో ఉంది. నీళ్ళతో ఆ ఊరి గొడవ ఈనాటిది కాదన్నమాట. సోమవారం మాత్రం వెళ్ళకండి, మ్యూజియంలు మూత.

వర్షాల ముక్క పూర్తిగా తలకిందులు. జకార్తా భూమధ్యరేఖకి దక్షిణాన ఉంది, అక్కడ వానలు నవంబర్ నుంచి మార్చి దాకా, జనవరి ఫిబ్రవరిలో వరదలు కూడా వస్తాయి. అంటే సంక్రాంతి సెలవులే బాగోవు, మే జూన్ శుభ్రంగా ఉంటాయి, ఉక్కపోత ఉంటుంది గానీ మన విజయవాడ ఎండతో పోలిస్తే నయమే.

వెజ్ విషయంలో కొంచెం జాగ్రత్త కావాలి, భయం అక్కర్లేదు. టెంపే పుట్టిందే జావాలో, సోయా గింజలు పులియబెట్టి చేస్తారు, గాదో గాదో అంటే ఉడికించిన కూరగాయల మీద వేరుశనగ పచ్చడి లాంటిది పోసిస్తారు. చిక్కల్లా తెరాసి అనే రొయ్యల ముద్ద, కారప్పచ్చళ్ళలో కలిపేస్తారు, "తన్‌పా తెరాసి" అని చెప్పాలి, గుడ్డూ వద్దంటే "తన్‌పా తెలూర్" అనాలి, పక్కన పెట్టే అప్పడం లాంటిది కూడా చాలాసార్లు రొయ్యలదే.

చివరిగా, అదే రోజు బాలి ఫ్లైట్ ఎక్కేయమన్నారు కదా, బాలి టైం జకార్తా కంటే గంట ముందు, టికెట్ మీద దిగే టైం బాలిది, ఎక్కే టైం జకార్తాది, అది చూసుకుని హోటల్ కారు మాట్లాడుకోండి.