ఒక జీబీ దగ్గర గేటు వేసే దొరగారికి

మహారాజశ్రీ ప్రాక్సీ_మ్యాక్స్_టెంప్_ఫైల్_సైజ్ గారి సముఖానికి,

విశాఖపట్నం నుంచి నమస్కరించి రాయునది. ఇక్కడ మేము క్షేమం. ఇంజిన్‌ఎక్స్ అనే వెబ్ సర్వరు కడుపులో, టెంప్ (తాత్కాలిక) ఫైలు ఎంతదాకా పెరగొచ్చో తేల్చే సెట్టింగుగా తమరు మరీ క్షేమంగా ఉన్నారని నిన్న మధ్యాహ్నం మళ్లీ తెలిసింది.

ద్వారకానగర్ స్టూడియో ఎక్కించిన 4 జీబీ పెళ్లి జిప్పు, గాజువాకలో పెళ్లివారింట 1 జీబీ దాటగానే చతికిలబడింది. "ఏటి బాబూ, తాళి కట్టకముందే ఆగిపోనాది?" అని స్టూడియోకి ఫోను, స్టూడియో నుంచి సర్వరు చూసేవాళ్లకి ఫోను. తాళి దాకా వచ్చిందో లేదో చూసుకునే భాగ్యం కూడా వాళ్లకి లేదు లెండి. జిప్పుకి విషయసూచిక తోకలో ఉంటుంది. తోక రాకపోతే వచ్చిన జీబీ కూడా మామూలుగా తెరుచుకోదు.

కాన్ఫిగ్ ఫైలు పైనుంచి కిందిదాకా చదివినా తమరి పేరు కనిపించదు. ఎవరూ పిలవలేదు, ఎవరూ రాయలేదు. అయినా 1024 ఎంబీ అని తమరి శాసనం అమల్లో ఉంది. అదీ దర్జా అంటే!

ఇద్దరు సర్వర్లని ఎందుకు పెట్టుకున్నామో తమరికి తెలియనిది కాదు. వెనక అపాచీ, 1995 నాటి పెద్దాయన. లాగిన్లు, పీహెచ్‌పీ ప్రోగ్రాములు, ఎవరూ ముట్టుకోవడానికి సాహసించని డాట్ హెచ్‌టీయాక్సెస్ నిబంధనల ఫైళ్లు, అన్నీ ఆయన గదిలోనే. ముందు 2004లో జనంలోకి వచ్చిన ఇంజిన్‌ఎక్స్. వేల కనెక్షన్లని కొద్దిపాటి మెమరీతో మోస్తుంది. నెట్ నెమ్మదిగా ఉన్నవాళ్లని ఇది చూసుకుంటే, పెద్దాయన పని ముగించుకుని ఇంకొకరి సంగతి చూస్తాడు. ఏర్పాటు చక్కనిదే, పేజీలకీ ఫొటోలకీ.

పెద్ద ఫైలు వచ్చేసరికి తమరి ప్రతాపం మొదలు. అపాచీ, ఇంజిన్‌ఎక్స్ ఒకే మెషీన్‌లో ఉంటాయి కనుక అపాచీ 1 జీబీని కొన్ని సెకన్లలోనే ఇటు తోసేస్తుంది. ఇంజిన్‌ఎక్స్ దాన్ని డిస్కు మీద టెంప్ ఫైల్లో దాచి గాజువాకకి మెల్లగా వడ్డిస్తుంది. టెంప్ ఫైలు 1024 ఎంబీకి చేరగానే తమరు గేటు వేస్తారు. దాచిందంతా గాజువాక చేరేదాకా అపాచీ నుంచి ఇంకొక్క బైటు కూడా తీసుకోరు. తలుపు దగ్గర నిలబడ్డ అపాచీ తన టైమౌట్ చూసుకుంటుంది. దాని సొంత లెక్కలో 60 సెకన్లు, డెబియన్ లినక్స్ పెట్టి ఇచ్చే కాన్ఫిగ్‌లో 300. అది దాటితే కనెక్షన్ తెంపేసి వెళ్లిపోతుంది. దాచిన జీబీ అయిపోయాక ఇంజిన్‌ఎక్స్ వెనక్కి తిరిగి చూస్తే అక్కడెవరూ ఉండరు.

లెక్క కట్టి చూడండి. 60 సెకన్లలో 1024 ఎంబీ లాగాలంటే సెకనుకి 17 ఎంబీ, అంటే దాదాపు 137 ఎంబీపీఎస్ లైను కావాలి. 300 సెకన్లయితే 27 చాలు. రుషికొండ ఆఫీసులో మంచి లైను మీద ఎన్నిసార్లు పరీక్షించినా ఫైలు నిండుగా దిగుతుంది, "మా దగ్గర బాగానే ఉందండీ" అన్న జవాబు కూడా దాంతోపాటే దిగుతుంది. నెమ్మదైన మొబైల్ డేటా మీద లాగేవాడికి మాత్రం ఎప్పుడూ అదే చోట, అదే గేటు.

పోనీ లాగ్‌లో అయినా మొహం చూపిస్తారా? జవాబుని టెంప్ ఫైల్లో దాస్తున్నామన్న కబురు వార్న్ (హెచ్చరిక) స్థాయిలో వస్తుంది. ఎర్రర్_లాగ్‌కి స్థాయి చెప్పకుండా వదిలేస్తే అది ఎర్రర్, ఆపైవే రాస్తుంది. కాబట్టి ఆ కబురు కనిపించదు. కనిపించేదల్లా అప్‌స్ట్రీమ్, అంటే వెనకున్న సర్వరు, ముందే కనెక్షన్ మూసేసిందన్న ఒక్క వాక్యం. అంటే నేరం పెద్దాయన మీదికి! యాక్సెస్ లాగ్‌లో ఇద్దరూ 200, అంటే సవ్యం, అని వేసుకుంటారు. అంతా శుభం, పెళ్లి తప్ప.

రెజ్యూమ్ నొక్కుదామంటే ఫైలు పంపే పీహెచ్‌పీ రీడ్‌ఫైల్‌కి రేంజ్, అంటే మధ్యలోంచి అడగడం, తెలియదు. మళ్లీ మొదటి బైటు నుంచే మొదలు, మళ్లీ అదే గేటు.

ఇక డిస్కు. మాఘమాసం ముహూర్తాలప్పుడు 40 మంది ఒకేసారి లాగితే తమరి టెంప్ ఫైళ్లకే 40 జీబీ దాకా పోతుంది. డీఎఫ్ కమాండ్ కొడితే డిస్కు నిండిందంటుంది, డీయూ కమాండ్ కొడితే ఫోల్డర్లన్నీ ఖాళీ అంటుంది. తెరిచిన వెంటనే ఫైలు పేరు చెరిపేసి, పేరు లేకుండానే రాస్తుంటారు కదా తమరు! తెరిచి ఉన్న ఫైళ్లని చూపే ఎల్‌ఎస్‌ఓఎఫ్‌కి ప్లస్ ఎల్1 ఇస్తే గానీ, డిలీటెడ్ అన్న ముద్రతో దొంగలు బయటపడరు.

తమరికి సున్నా పెడితే పోలేదా అంటారు సలహాదారులు. పెట్టొచ్చు. గేటు పోతుంది, టెంప్ ఫైలూ పోతుంది, అపాచీ మాత్రం ఒక్కో డౌన్‌లోడ్‌కి ఒక్కో వర్కర్ని చివరి బైటు దాకా కట్టేసుకోవాలి. అపాచీలోనే పీహెచ్‌పీని నడిపే మాడ్_పీహెచ్‌పీ ఉందంటే సాధారణంగా ప్రీఫోర్కే, అంటే ఒక్కో కనెక్షన్‌కి ఒక్కో ప్రాసెస్. వర్కర్లకి హద్దు పెట్టే మ్యాక్స్‌రిక్వెస్ట్‌వర్కర్స్ మామూలుగా 256, డెబియన్ ఇచ్చేది 150. 150 మంది ఒకేసారి లాగడం మొదలుపెడితే ఆ 150 వర్కర్లూ నిండిపోతాయి. మిగతా రిక్వెస్టులు ఆర్కే బీచ్ నుంచి కనిపించే ఓడల్లా బెర్త్ కోసం లంగరు వేసుక్కూర్చోవాలి. ముందొక సర్వరు పెట్టుకున్నది దేనికి మరి?

ఇక మర్యాద చాలు. ఒరే నాయనా, అసలు ఫైలు అదే డిస్కు మీద ఉంది! పక్క ఫోల్డర్లోని ఫైలుని పీహెచ్‌పీ చదివి, అపాచీకిచ్చి, అపాచీ నీకిచ్చి, నువ్వు మళ్లీ డిస్కు మీదే ఇంకో కాపీ రాసి, ఆ కాపీని చదివి గాజువాక పంపాలా? అది పనా, పనిలేనితనమా?

నీతో పని లేకుండా చేసే దారి ఇదిగో. పీహెచ్‌పీ లాగిన్ చూసి, హక్కు చూసి, ఫైలు బదులు ఎక్స్-యాక్సెల్-రీడైరెక్ట్ అన్న ఒక్క హెడర్ పంపాలి. అందులో ఒక స్లాష్, "లోపల" అన్న మాట, ఇంకో స్లాష్, ఆ తర్వాత ఫైలు పేరు. ఇంజిన్‌ఎక్స్‌లో అదే పేరుతో ఒక లొకేషన్, దానిలో ఇంటర్నల్ అన్న ఒక్క మాట, అసలు ఫోల్డరుకి ఏలియాస్. లొకేషన్ చివరా ఏలియాస్ చివరా రెండుచోట్లా స్లాష్ ఉండాలి, లొకేషన్ చివర పెట్టి ఏలియాస్ చివర మరిస్తే దారి తప్పి 404. ఇంటర్నల్ మరిచిపోతే లాగిన్ లేకుండానే ఊరంతా పెళ్లి చూస్తుంది. ఇంజిన్‌ఎక్స్ యూజర్‌కి ఫైలు చదివే హక్కుతోపాటు, పైనున్న ప్రతి ఫోల్డర్‌లోకీ దిగే హక్కు ఉండాలి, లేదంటే 403, ప్రవేశం లేదు. ఫైలు పేరు తెలుగులో ఉంటే హెడర్‌లో పెట్టేముందు పీహెచ్‌పీ రాయూఆర్‌ఎల్‌ఎన్‌కోడ్‌తో శాతం గుర్తుల్లోకి మార్చాలి, స్లాష్‌లని మాత్రం వదిలేసి. అంతే! అపాచీ క్షణంలో ఖాళీ, టెంప్ ఫైలు లేదు, రేంజ్ సంగతి ఇంజిన్‌ఎక్స్ చూసుకుంటుంది కనుక రెజ్యూమ్ పని చేస్తుంది. ఆ ఫోల్డర్లో కాపలా ఉన్న హెచ్‌టీయాక్సెస్‌ని ఇంజిన్‌ఎక్స్ కన్నెత్తి కూడా చూడదు, అడ్డుకోవడమంతా పీహెచ్‌పీలోనే జరగాలి.

నీ చుట్టాలకీ తలో మాట. క్లయింట్_మ్యాక్స్_బాడీ_సైజ్, 1 ఎంబీ దాటితేనే 413, అంటే మరీ పెద్దది, అని మొహాన కొట్టే నువ్వు ఫైల్ షేరింగ్ సైట్లో ఏం చేస్తున్నావు? ప్రాక్సీ_రిక్వెస్ట్_బఫరింగ్, ఎక్కింపు నూరు శాతం చూపించాక ఫైలంతా మొదటినుంచి అపాచీకి మోసే ముచ్చట నీదే. అసలు వచ్చినవాడి చిరునామా అపాచీకి చెప్పే రిమోట్‌ఐపీ, నిన్ను పెట్టకపోతే అపాచీకి వచ్చేవాళ్లంతా 127.0.0.1, అంటే సొంత మెషీనే. ఎవడో అల్లరివాణ్ణి ఆ చిరునామాతో బ్లాక్ చేస్తే సైటుకే తాళం. పెట్టాక లాగ్‌ఫార్మాట్‌లో పర్సెంట్ హెచ్ తీసి పర్సెంట్ ఏ రాయాలి.

చిన్న పేజీల దగ్గర నీ వల్ల హాని లేదు, అక్కడే ఉండు. డౌన్‌లోడ్ లొకేషన్ ఛాయలకి మాత్రం రాకు.

ఇట్లు,
సర్వర్ల కాపలాదార్లు, రుషికొండ

తా.క.: వెనకున్న పెద్దాయన ఇన్నాళ్లూ ఎక్కించే ఫైలు సైజుకి హద్దు పెట్టే లిమిట్‌రిక్వెస్ట్‌బాడీ విషయంలో హద్దు లేకుండా ఉదారంగా ఉండేవాడు. అపాచీ 2.4.54 నుంచి ఆయన డిఫాల్ట్ కూడా 1073741824 బైట్లు, సరిగ్గా నీ జీబీయే. డౌన్‌లోడ్ గేటు నీది, అప్‌లోడ్ గేటు ఆయనది. ఇద్దరూ మాట్లాడుకునే చేశారా?