నోటిమాట నిషేధం

సారంగధరుడు బతికాడు. కాళ్లూ చేతులూ తెగి పడి ఉన్న కుర్రాడి దగ్గరికి సిద్ధుడొచ్చి చెయ్యెత్తాడు, కుర్రాడు లేచి నిలబడ్డాడు, తెర పడింది. గత శనివారం రాత్రి కోస్తాలోని ఓ పాత పట్టణంలో, బ్రిటిషువాళ్లు కట్టిన టౌన్‌హాలులో ‘విషాద సారంగధర’ ఇలా ముగిసింది. ధర్మవరం రామకృష్ణమాచార్యులు రాసిన ముగింపు ఇది కాదు. ఆ మధ్యాహ్నం మూడు గంటలకు నోటిమాటతో రాయించిన ముగింపు.

ఊరి పేరు రాయడం లేదు. రాయొద్దని నాటక సమాజం వారే బతిమాలారు. వచ్చే తిరునాళ్లకు మళ్లీ అదే హాలు కావాలి, అదే స్టేషను నుంచి మైకు పర్మిషన్ కావాలి. దెబ్బ తిన్నవాడే గుట్టుగా ఉంచమని అడుగుతున్నాడంటే భయం ఎక్కడిదాకా పాకిందో అర్థమవుతుంది.

జరిగింది ఇంతే. రాజరాజ నరేంద్రుణ్ని కన్నకొడుకు సారంగధరుడి కాళ్లూ చేతులూ నరికించిన రాజుగా చూపించడం ఆయనకు అవమానమని కొందరు పెద్దలు అభ్యంతరం చెప్పారు. మైకు కాగితం ఇవ్వాల్సిన అధికారి సమాజం మేనేజరును పిలిపించి, కథలో సిద్ధుడున్నాడుగా, కుర్రాణ్ని బతికించండి, గొడవ ఉండదు అన్నారు. హాలు కమిటీ ఆ పక్కనే కూర్చుని ఊరుకుంది. కాగితం మీద ఒక్క అక్షరం లేదు.

పెద్దల మనసు నొచ్చుకుని ఉండవచ్చు, శాంతిభద్రతలు చూసుకోవడం అధికారి బాధ్యతే, కాదనం. జానపద కథలో సిద్ధుడు రావడమూ నిజమే. అయినా ఈ పని తప్పు. ముగింపు మార్చమనడం ఒక తప్పయితే, ఆ మాట కాగితం మీద పెట్టకపోవడం అంతకు మించిన తప్పు.

అవమానం సంగతి ముందు తేల్చేద్దాం. చరిత్రకు తెలిసిన రాజరాజు కొడుకు రాజేంద్రుడు. 1070లో చోళ సింహాసనం ఎక్కి కులోత్తుంగుడయ్యాడు. అతని కాళ్లూ చేతులూ ఎవరూ నరకలేదు. సారంగధరుడిది కథ. రాజమహేంద్రవరంలో సారంగధర మెట్ట పేరు చెప్పుకుంటూ తరతరాలుగా ఏడ్చిన కథ. సవతి తల్లి చిత్రాంగి మోపిన నింద నమ్మిన రాజు తొందరపాటుకు అమాయకుడు బలైపోయాడన్న ఏడుపే దాని ప్రాణం. సంస్కృత నాటకం మంగళంతో ముగియాలంటుంది. బళ్లారిలో వకీలుగా ఉన్న ధర్మవరం వారు ఆ కట్టుబాటు దాటి, విషాదాన్ని పేరులోనే పెట్టారు. ఆయన సరస వినోదినీ సభ 1891లో మద్రాసు వెళ్లి నాటకాలాడితే, అవి చూసిన తమిళ నాటక రచయిత పమ్మల్ సంబంధ ముదలియార్ అదే ఏడాది సుగుణ విలాస సభ అనే నాటక సమాజం పెట్టారు. ఊరూరా తిరిగే తెలుగు నాటకం పక్క భాషను కూడా కదిలించిన రోజులవి. అప్పుడు మద్రాసు మీద తెల్లవాడి జెండా ఎగురుతోంది.

తెల్లవాడి పాలనను మెచ్చుకునే ఉద్దేశం మాకు లేదు. 1875లో కలకత్తా గ్రేట్ నేషనల్ థియేటర్ వారు లక్నోలో ‘నీల్ దర్పణ్’ ఆడుతుండగా, నీలిమందు దొరను రైతు కొట్టే ఘట్టం దగ్గర తెల్ల సైనికులు రంగస్థలం మీదికి ఎగబడ్డారు. నాటకం మధ్యలో ఆగిపోయింది. ఆ మరుసటి ఏడాదే, 1876లో, నాటక ప్రదర్శనల చట్టం వచ్చింది. నల్లచట్టమే. కానీ ఆ చట్టం కింద నాటకాన్ని ఆపాలంటే సర్కారు ఉత్తర్వు ఇవ్వాలి. ఉత్తర్వు ఉంటే ఎవరు ఆపారో తెలుస్తుంది, ఎందుకో తెలుస్తుంది, కోర్టు మెట్లెక్కడానికి చేతిలో ఒక ఆధారం ఉంటుంది. ఆ చట్టాన్ని 2018లో మన పార్లమెంటు రద్దు చేసింది. ఇప్పుడు చట్టమూ లేదు, ఉత్తర్వూ లేదు, నాటకం మాత్రం ఆగుతోంది.

2022 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ‘చింతామణి’ నాటకాన్ని నిషేధించింది. అది సరికాదు. అయినా దానికి జీవో ఉంది, జీవో ఉంది కాబట్టే వ్యవహారం హైకోర్టుకు వెళ్లింది. శనివారం జరిగినదాన్ని ఏ కోర్టుకు తీసుకెళ్లాలి? మేనేజరు వెళ్లి ఏం చూపించాలి? అడిగితే అధికారి ‘నేనేమీ ఆపలేదు, సలహా ఇచ్చాను’ అంటారు. హాలు కమిటీ ‘వాళ్లే మార్చుకున్నారు’ అంటుంది. రికార్డులో నాటకం సజావుగా జరిగినట్టే ఉంటుంది. మా భయమంతా ఇదే. ఒక ఊళ్లో నోటిమాట చెల్లితే పక్క ఊళ్లో అది ఆనవాయితీ అవుతుంది. ఈసారి సారంగధరుణ్ని బతికించమన్నారు. వచ్చేసారి హరిశ్చంద్రుడు కాటికాపరి కావడం ఫలానా వారికి నచ్చలేదంటారు, ఆ పైన ఇంకో పద్యం తీసేయమంటారు. ఏదీ కాగితం మీద ఉండదు.

మా విలేకరి హాలులోనే ఉన్నారు. మంత్రి వేషం కట్టిన నటుడే గడ్డం మార్చి, హార్మోనియం మీద కప్పే కాషాయం గుడ్డ చుట్టుకుని సిద్ధుడయ్యాడు. అతనికి పద్యం లేదు. ఉండదు మరి, మూడు గంటలకు పుట్టిన పాత్రకు పద్యం ఎవరు రాస్తారు? హార్మోనిస్టు శ్రుతి పట్టుకుని ఎదురుచూశాడు, సిద్ధుడు మాట్లాడకుండా చెయ్యెత్తాడు. ముందు వరసలో, అప్పటిదాకా ప్రతి పద్యాన్నీ పెదాలతో కలిపి పాడుతున్న ఓ పెద్దాయన లేచి కండువా దులుపుకుని బయటికి నడిచాడు. వింగులో చిత్రాంగి వేషం వేసిన ఆమె రంగు తుడుచుకోకుండా చాలాసేపు అలాగే కూర్చుండిపోయింది.

ఏప్రిల్ 16 వస్తే ఇదే హాలులో కందుకూరి చిత్రపటానికి దండ వేస్తారు, తెలుగు నాటకరంగ దినోత్సవమంటారు, పద్యనాటకం మన సొంతమని ఉపన్యాసాలిస్తారు. శనివారం మధ్యాహ్నం నోరు మెదపని కమిటీ పెద్దలే ఆ వేదిక మీద కూర్చుంటారు. ఏ మొహం పెట్టుకుని కూర్చుంటారు? హాలు అద్దె ముందే వసూలు చేశారే, ఆ అద్దె తిరిగి ఇస్తామని కూడా ఎవరూ అనలేదు.

సమాజం ఈ నెలలో మరో రెండు ఊళ్లకు వెళ్లాలి. కాషాయం గుడ్డ, రెండో గడ్డం ట్రంకుపెట్టెలోనే పెట్టుకున్నారు, మళ్లీ ఎవరైనా అడుగుతారేమోనని. ఆ ఊళ్ల అధికారులకు మేం చెప్పేది ఒకటే. అభ్యంతరం ఉంటే కారణం రాయండి, కింద సంతకం పెట్టండి, తేదీ వేయండి. సంతకం పెట్టే ధైర్యం లేనివాళ్లు మేనేజరును గదిలోకి పిలిపించకండి.